పంతొమ్మిదివేల నూటపాతిక

మా ఊరి తెలుగు సంఘం వెబ్‌సైటులో పాతికేళ్లు దాటిన పేజీ ఒకటుంది. పిల్లల తెలుగు బడి కోసం 1999 వేసవిలో తయారైనది. తెర మీద అచ్చులూ హల్లులూ వరసగా ఉంటాయి. ‘అ’ మీద నొక్కితే అరటిపండు వస్తుంది, ‘ఈ’ మీద నొక్కితే ఈగ. ఆ రోజుల్లో తెలుగు లిపి అందరి కంప్యూటర్లలోనూ కనబడేది కాదు కనుక ప్రతి అక్షరమూ ఒక చిన్న బొమ్మే. పేజీ అడుగున, గడియారం బొమ్మ పక్కన, ఆ రోజు తేదీ ఉంటుంది. 2025 జనవరిలో కార్యవర్గ సమావేశం జరుగుతుంటే, సైటుని కొత్తగా కట్టాలన్న చర్చలో, ఎవరో ఆ పేజీ తెరిచి గోడ మీద చూపించారు. తేదీ దగ్గర ‘జనవరి 11, 19125’ అని ఉంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కార్యవర్గంలో కొత్తగా చేరిన, ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రవాడు మాత్రం నవ్వకుండా, “అంకుల్, ఇది పేజీ తప్పా, బ్రౌజర్ తప్పా?” అని అడిగాడు. కొంత పేజీది, చాలావరకు భాషది అన్నాను. “మరి భాషని దిద్దరా?” అన్నాడు. దిద్దరు అన్నాను. “ఎందుకని?”

ఆ ‘ఎందుకని’కి సమాధానం సమోసాలు చల్లారేలోపల చెప్పగలిగేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటరు భాషలతో పరిచయం లేనివారికి కూడా అందేలా రాయాలని నా ప్రయత్నం. ఆ రంగంలో ఉన్నవారు నా సరళీకరణల్ని మన్నించాలి.

ముందు ఆ పేజీ తయారుచేసినాయన గురించి రెండు మాటలు. ఆయన్ని మేమందరం మేష్టారు అనేవాళ్లం. ఇండియాలో కొన్నాళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, తరవాత కంప్యూటర్లలోకి వచ్చారు. నేను 1998లో మిషిగన్‌లో దిగేనాటికి ఆయన వచ్చి రెండేళ్లయింది. ఇద్దరిదీ ఒకే పని: వైటూకే. ఆ మాట వినని పాఠకులు ఈ పత్రికకి ఉండరనుకుంటాను. మనలో చాలామందిని ఈ గడ్డ మీద దింపింది అదే కదా. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు కేటాయించారు. 99 తరవాత 00 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుంది. లక్షల వరసల ప్రోగ్రాముల్లో ఆ రెండంకెలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతికి నాలుగు చెయ్యడం మా ఉద్యోగం. పగలంతా అదే పనిలో ఉన్న మనిషి, రాత్రి ఇంటికొచ్చి పిల్లల కోసం రాసుకున్న పేజీలో సరిగ్గా అదే జాతి తప్పు చెయ్యడం విడ్డూరంగా తోచవచ్చు. ఆయనకి తెలియక కాదు. ఆ సంగతి చివర్న చెబుతాను. 2011లో మేష్టారు పోయారు. పేజీ మిగిలింది.

ఆ పేజీకి ప్రాణం పోసిన భాష పేరు జావాస్క్రిప్టు. 1995 మే నెలలో, కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో, నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ దీని తొలి నమూనాని పది రోజుల్లో తయారుచేశాడు. బారసాల మూడుసార్లు జరిగింది: మొదట మోకా, సెప్టెంబరులో లైవ్‌స్క్రిప్టు, డిసెంబరులో జావాస్క్రిప్టు. అప్పట్లో సన్ కంపెనీ వారి జావా భాష పేరు మార్మోగిపోతోంది. రెండు కంపెనీలూ ఒప్పందం చేసుకుని ఆ వెలుగులో కొంత దీని మీద కూడా పడేట్టు చేశాయి. అంతే తప్ప జావాకీ దీనికీ పెద్ద చుట్టరికం లేదు.

ఈ భాషకి ఉన్న విశేషం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. జావాస్క్రిప్టులో రాసిన ప్రోగ్రాము, రాసినవాడి కంప్యూటరులో నడవదు. అది పేజీతోపాటు ప్రయాణం చేసి, చదివేవాడి ఇంటికి వెళ్లి, అక్కడి బ్రౌజరులో నడుస్తుంది. ఆ బ్రౌజరు ఏ కంపెనీదో, ఏ సంవత్సరానిదో రాసినవాడికి తెలియదు, తెలిసే వీలూ లేదు.

ఇక తేదీ సంగతి. పది రోజుల్లో వండిన వంటలో అన్నీ సొంతంగా దంచుకున్న పొళ్లు ఉండవు కదా! తేదీలకి సంబంధించిన భాగాన్ని జావా నుంచి ఉన్నదున్నట్టు దించుకున్నారు. జావా దాన్ని ఇంకా పాతదైన సీ భాష సంప్రదాయం నుంచి తెచ్చుకుంది. ఆ సంప్రదాయంలో సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కపెడతారు. 1999 అంటే 99. నెలల్ని సున్నాతో మొదలుపెడతారు. జనవరి సున్నా, డిసెంబరు పదకొండు. తారీకులు మాత్రం బుద్ధిగా ఒకటితోనే మొదలవుతాయి. ఎందుకలా అని అడక్కండి. జావా వాళ్లు ఈ లోపం గ్రహించి 1997లోనే ఆ పాత ఆజ్ఞల్ని వాడవద్దని చెప్పేశారు. కాపీ కొట్టిన విద్యార్థి జవాబు పత్రంలో మాత్రం ఆ తప్పు ఈనాటికీ ఉంది.

సంవత్సరం ఎంత అని అడిగే ఆజ్ఞకి ‘గెట్ ఇయర్’ అని పేరు. 1999లో అడిగితే 99 అనేది. పేజీలు రాసేవాళ్లు దాని ముందు 19 అంటించి 1999 అని చూపించేవాళ్లు. 2000 జనవరి 1న అదే ఆజ్ఞ తన లెక్క ప్రకారం 100 అంది. దాని ముందు 19 అంటిస్తే 19100. ఇంతకన్నా తమాషా ఏమిటంటే, మైక్రోసాఫ్టు వారి బ్రౌజరు అదే ప్రశ్నకి 2000 అని నాలుగంకెల జవాబు చెప్పేది. అందులో అదే పేజీ 192000 అని చూపించింది. ఈ దేశపు అధికారిక గడియారాన్ని నడిపే నావల్ అబ్జర్వేటరీ వెబ్‌సైటులో కూడా ఆ రోజు 19100 అనే కనబడింది. జగమంతా కోబాల్ వైపు చూస్తూ కూర్చుంటే తప్పు పెరటి గుమ్మంలోంచి వచ్చిందన్నమాట.

మరి దిద్దలేదా? ‘గెట్ ఫుల్ ఇయర్’ అని ఇంకో ఆజ్ఞని పక్కన చేర్చారు. అది నాలుగంకెలూ చెబుతుంది. పాతది మాత్రం పాతట్టే ఉంది. అన్ని బ్రౌజర్లూ తరవాత ఒకే దారికి వచ్చాయి, కానీ ఆ దారి ‘1900 తీసేసి చెప్పడం’ అనే పాత దారే. అందుకే 2025లో 125.

మేం కోబాల్‌ని దిద్దినప్పుడు ఇలా చెయ్యలేదు. దిద్దవలసిన ప్రోగ్రాములన్నీ ఒక్క కంపెనీ బీరువాలోనే ఉండేవి. ఎక్కడెక్కడ తేదీ ఉందో జాబితా వేసుకుని, ఒక్కొక్కటీ మార్చి, పరీక్షించి, ఆదివారం రాత్రి కొత్తది ఎక్కించి ఇంటికి పోయేవాళ్లం. వెబ్‌కి అలాంటి బీరువా లేదు. ఎవరి పేజీ ఎక్కడుందో జాబితా లేదు. రాసినవాళ్లు ఉద్యోగాలు మారారు, ఊళ్లు మారారు, కొందరు లోకమే విడిచిపెట్టారు. పేజీలో ‘నేను 1999 నాటి జావాస్క్రిప్టుని’ అని రాసుండదు. అన్ని కాలాల పేజీలనూ ఇవాళ్టి బ్రౌజరే చదవాలి. ఆ బ్రౌజరులో గెట్ ఇయర్ అర్థం మార్చేస్తే, దాన్ని సరిగ్గా అర్థం చేసుకుని 1900 కలుపుకున్న వాళ్ల పేజీలు చెడతాయి. తప్పు చేసినవాణ్ణి కాపాడబోయి ఒప్పు చేసినవాణ్ణి ముంచడమే.

మన పురాణాల్లో ఋషి శాపం పెడితే వెనక్కి తీసుకునే వీలుండదు. నోట వచ్చిన మాట జరిగి తీరాలి. కాళ్ల మీద పడి ఏడిస్తే ఫలానా వారి పాదం సోకినప్పుడు విముక్తి అని ఒక షరతు చేరుస్తాడు, అంతే. జావాస్క్రిప్టు వ్యాకరణమంతా ఈ పద్ధతే. శాపం అలాగే ఉంటుంది, పక్కన విమోచనం చేరుస్తారు.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ సమానత్వం. రెండు విలువలు సమానమా కాదా అని అడగడానికి ఈ భాషలో రెండు సమాన చిహ్నాలు పక్కపక్కన రాస్తారు. వెబ్ పేజీలో ఎవరైనా వయసు 18 అని కొడితే కంప్యూటరుకి అది అంకెగా కాక అక్షరాలుగా చేరుతుంది. ఆ అక్షరాల 18నీ అంకె 18నీ పోల్చినప్పుడు సమానమే అనాలని నెట్‌స్కేప్‌లోని తొలి వాడుకరులు అడిగారట. ఐక్ సరేనని ఒప్పుకుని, ఒప్పుకున్నందుకు తరవాత విచారించాడు. ఎందుకంటే ఈ మొహమాటం ఒకసారి మొదలయ్యాక ఎక్కడ ఆగాలో తెలియదు. ఖాళీ కాగితం సున్నాకి సమానం. ‘0’ అని రాసిన కాగితం కూడా సున్నాకి సమానం. కానీ ఖాళీ కాగితమూ, ‘0’ అని రాసిన కాగితమూ ఒకదానికొకటి సమానం కావు! ఒక వస్తువుకి సమానమైనవి తమలో తాము సమానం అన్నది యూక్లిడ్ మొట్టమొదట చెప్పిన సామాన్య సూత్రం. మేష్టారికి ఈ సంగతి చూపించినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఇది రాసినవాణ్ణి తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టాలి” అన్నారు ఆఖరికి.

దీన్ని దిద్దడానికి నిజంగానే ఒకసారి ప్రయత్నించారు. 1997లో నెట్‌స్కేప్ నాలుగో బ్రౌజరులో, ‘జావాస్క్రిప్టు 1.2’ అని ప్రత్యేకంగా చెప్పుకున్న పేజీలకి మాత్రం రెండు చిహ్నాల సమానత్వాన్ని కఠినంగా మార్చారు. అప్పటికే ప్రామాణిక గ్రంథం పాత అర్థాన్నే ఖాయం చేసింది. తరవాతి బ్రౌజరులో నెట్‌స్కేప్ వాళ్లే వెనక్కి తగ్గారు. 1999 డిసెంబరులో వెలువడిన మూడో ముద్రణలో మూడు సమాన చిహ్నాలు పక్కపక్కన పెడితే అసలైన సమానం అని విమోచనం ప్రసాదించారు. ఇవాళ ఏ కంపెనీలోనైనా కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం చెప్పే పాఠం: మూడు పెట్టండి, రెండు పెట్టకండి. మూడో గీత ఎందుకు వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ.

‘ఏమీ లేదు’ అని చెప్పే విలువని ‘నువ్వు ఏ జాతి?’ అని అడిగితే ‘వస్తువు’ అని జవాబు చెప్పడం ఇలాంటిదే ఇంకోటి. తొలి నమూనాలో పొరపాటున అలా కుదిరింది. దిద్దుదామని తరవాత ప్రతిపాదన వచ్చింది. దిద్దితే ఉన్న పేజీలు చెడతాయని తేలి, వదిలేశారు.

ఈ వాదోపవాదాలన్నీ ఎక్కడ జరుగుతాయి? భాష ఒక్క కంపెనీ చేతిలో ఉండకూడదని నెట్‌స్కేప్ 1996లో దీన్ని జెనీవాలోని ఎక్మా అనే ప్రమాణాల సంస్థకి అప్పగించింది. అక్కడి 39వ సాంకేతిక సంఘం దీని బాధ్యత తీసుకుంది. 1997 జూన్‌లో తొలి ప్రామాణిక గ్రంథం వచ్చింది. సంస్థ జెనీవాలో ఉన్నా, సంఘంలో కూర్చునే వాళ్లలో ఎక్కువమంది బ్రౌజర్లు తయారుచేసే అమెరికా కంపెనీల వాళ్లు. ఇంకా ఇతర కంపెనీల వాళ్లు, విశ్వవిద్యాలయాల వాళ్లు, ఆహ్వానితులు ఉంటారు. ఏడాదికి దాదాపు ఆరుసార్లు కలుస్తారు. మెజారిటీ వోటుతో కాకుండా ఏకాభిప్రాయంతో నిర్ణయిస్తారు కనుక ఒక్క సభ్యుడు గట్టిగా అడ్డం తిరిగినా ప్రతిపాదన ఆగిపోతుంది. చర్చల నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. నిద్ర పట్టనప్పుడు నేను చదువుతుంటాను. కొన్నిసార్లు పట్టే నిద్ర కూడా ఎగిరిపోతుంది.

అన్నింటికన్నా పెద్ద తగాదా నాలుగో ముద్రణ గురించి. 1999లో మూడోది వచ్చాక, ఈ భాష చిన్నపిల్లల గొడుగులా ఉంది, పెద్ద ప్రోగ్రాములు దీని కింద పట్టవు, కనుక సమూలంగా విస్తరించాలి అని ఒక పక్షం. ఐక్, మోజిల్లా, అడోబీ అటువైపు. అడోబీ అప్పటికే ఫ్లాష్ కోసం ఆ నమూనాలో ఒక భాషని తయారుచేసుకుని 2006లో వాడుకలోకి తెచ్చేసింది. ఇంత పెద్ద మార్పు వెబ్ భరించలేదు, ఉన్నదాన్ని కాస్త చక్కదిద్దితే చాలు అని రెండో పక్షం. మైక్రోసాఫ్టూ, యాహూ తరఫున డగ్లస్ క్రాక్‌ఫర్డూ ఇటువైపు. ఎదుటిపక్షం ఉద్దేశాల మీద అనుమానాలు కూడా బయటపడ్డాయి. బ్రౌజరు మార్కెట్లో పైచేయి ఉన్నవాడికి భాష ఎదగకపోతేనే లాభం అని కొందరు, సొంత సరుకుని ప్రమాణంగా చలామణీ చెయ్యాలని చూస్తున్నారని ఇంకొందరు. 2008 జులైలో ఆస్లోలో జరిగిన సమావేశంలో నాలుగో ముద్రణని వదిలేసుకుని రాజీ పడ్డారు. రాజీకి పెట్టుకున్న పేరు ‘హార్మనీ’, సామరస్యం. 2009 డిసెంబరులో వచ్చినదాన్ని ఐదో ముద్రణ అన్నారు. నాలుగు అనే అంకె అలా ఖాళీగా ఉండిపోయింది. మన ఇళ్లల్లో పోయిన బిడ్డని కూడా లెక్కలో చేర్చి తరవాతివాణ్ణి ఐదోవాడు అంటారు చూడండి, అలా. వదిలేసుకున్నవాటిలో చాలా ఆలోచనలు చిక్కి సన్నబడి 2015 నాటి ఆరో ముద్రణలో తిరిగొచ్చాయి. ఆ తరవాత ఏటా ఒక ముద్రణ వస్తోంది, పంచాంగంలాగా.

ఇవి పెద్దవాళ్ల తగాదాలు. నాకు ఎక్కువ పాఠం నేర్పింది 2018 నాటి చిన్న తగాదా. జాబితాలో జాబితాలు ఉంటే వాటిని చదును చేసి ఒకే జాబితాగా మార్చే ఆజ్ఞ కావాలనుకున్నారు. ‘ఫ్లాటెన్’ అని పేరు పెట్టారు. ఎవరికీ అభ్యంతరం లేదు. ఫైర్‌ఫాక్స్ వాళ్లు పరీక్షకి విడుదల చేసిన బ్రౌజరులో దాన్ని పెట్టగానే ఒక వెబ్‌సైటు పనిచెయ్యడం మానేసింది. కారణం వెతికితే ‘మూటూల్స్’ అనే పాత గ్రంథాలయం బయటపడింది. గ్రంథాలయం అంటే ఇక్కడ నలుగురూ తెచ్చుకుని వాడుకునే ప్రోగ్రాముల మూట. అందులో అదే పేరుతో సొంత ఆజ్ఞ ఉంది. భాషలోనే ఆ పేరుతో ఒకటి పుట్టేసరికి మూటూల్స్ దాన్ని తన ఇతర వస్తువులకి పంచే చోట గొలుసు తెగింది.

వాదం మొదలైంది. ఎప్పుడో ఫ్యాషన్ పోయిన గ్రంథాలయం కోసం ఇవాళ్టి భాష తలొంచాలా, చెడిన పేజీల వాళ్లే దిద్దుకుంటారు, చెడనివ్వండి అని చాలామంది. దిద్దుకునేవాడు ఉంటే సరే, లేనివాడి సంగతేమిటి, బ్రౌజరు కొత్తది వేసుకున్నవాడికి నిన్న తెరుచుకున్న పేజీ ఇవాళ ఎందుకు తెరుచుకోదు అని ఇంకొందరు. పేరుని ‘స్మూష్’ అని మారుద్దామని ప్రతిపాదకుడు వేళాకోళంగా అన్నాడు. పిసికి ముద్ద చెయ్యడం అని అర్థం. వేళాకోళం అర్థంకాని వాళ్లు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఆఖరికి ఆ మే నెలలో ‘ఫ్లాట్’ అని మూడక్షరాలు తగ్గించి ముగించారు. అంతకుముందు ‘కంటెయిన్స్’ అనుకున్నది ‘ఇన్‌క్లూడ్స్’ అయింది కూడా ఈ మూటూల్స్ వల్లనే.

నా మొదటి స్పందన మొదటి పక్షంతోనే. నా పిల్లలు ఈ భాష నేర్చుకుంటూ పడే అవస్థ చూశాను. ఇంకెవరో 2007లో చేసినదానికి వీళ్లెందుకు కట్టాలి సుంకం? పక్కింటి భాష పీహెచ్‌పీని చూడండి, అదీ 1995లోనే పుట్టింది, వెబ్ కోసమే పుట్టింది. అక్కడ ‘0’ అనే అంకెనీ ‘అరటిపండు’ అనే మాటనీ పోల్చితే సమానం అనేది. 2020లో వచ్చిన ఎనిమిదో పీహెచ్‌పీలో వోటు వేసుకుని, సమానం కాదు అని మార్చేశారు. ప్రమాదకరమని తేలిన పాత సౌకర్యాలు కొన్నిటిని 2012లో ఏకంగా పీకేశారు. వాళ్లు చెయ్యగలిగింది వీళ్లు చెయ్యలేరా?

చెయ్యలేరు. పీహెచ్‌పీ ప్రోగ్రాము రాసినవాడి సర్వరులో నడుస్తుంది. కొత్తది ఎప్పుడు ఎక్కించుకోవాలో ఆ ఇంటి యజమాని నిర్ణయించుకుంటాడు. చెడితే ముందు అతనికే తెలుస్తుంది, పాతదానికి వెనక్కి పోగలడు. జావాస్క్రిప్టులో కొత్తది ఎక్కేది చదివేవాడి బ్రౌజరులో, అదీ అతను నిద్రపోతున్నప్పుడు. చెడిన సంగతి రాసినవాడికి తెలియదు. ఒకరు తమ ఇంటి గోడ కదుపుకుంటున్నారు, ఇంకొకరు ఊరందరి ఇళ్లూ ఆనుకున్న గోడ కదపాలి.

ఇలా రాస్తుంటే మన భాషోద్యమం గుర్తురాకుండా ఎలా ఉంటుంది? గిడుగు వారి కాలంలో గ్రాంథికమా వ్యావహారికమా అని కత్తులు దూసుకున్నారు. కానీ మనిషి చదువరి కదా. అరసున్నలు మానేసి దశాబ్దాలు గడిచినా, పాత పుస్తకంలో అరసున్న కనబడితే మన కన్ను దాన్ని దాటుకుని పోతుంది. బండి ఱ కనబడితే మామూలు ర అనుకుని చదువుకుంటాం. యంత్రానికి అలా సర్దుకుపోవడం రాదు. ఒక్క గుర్తు అర్థంకాకపోతే అక్కడే ఆగిపోతుంది.

తెలుగువాళ్లుగా మనకి నేరుగా తగిలే శాపం కూడా ఈ భాషలో ఒకటుంది. ఒక మాటలో ఎన్ని అక్షరాలున్నాయి అని అడిగే ఆజ్ఞ ‘లెంగ్త్’. ‘శ్రీ’ అని ఇచ్చి అడిగితే నాలుగు అంటుంది. శ, పొల్లు, ర, దీర్ఘం. ‘స్త్రీ’కి ఆరు! చాలా ఏళ్ల కిందట మా సంఘం ఉగాది సభకి పేరు నమోదు చేసుకునే పేజీ నేనే రాశాను. బ్యాడ్జీ మీద పట్టాలని పేరుకి పది అక్షరాలు హద్దు పెట్టాను. తెలుగులో పది అక్షరాల పేరు ఎవరికుంటుంది అని నా ధీమా. శ్రీలక్ష్మి అని మనం మూడక్షరాలు రాస్తే యంత్రం పదకొండు లెక్కపెట్టింది. పదకొండోదైన గుడి కాస్తా ఎగిరిపోయి బ్యాడ్జీ మీద ‘శ్రీలక్ష్మ’ అని అచ్చయింది. ఆవిడ ఆ సాయంత్రమంతా దాన్ని చీర కొంగు చాటున దాచుకుని తిరిగారు.

లెంగ్త్‌ని దిద్దరు. దాని మీద ఆధారపడి కోట్ల పేజీలు మాటల్ని కోస్తున్నాయి, అతుకుతున్నాయి. పక్కన ‘సెగ్మెంటర్’ అని ఇంకో పరికరం చేర్చారు. 2020లో క్రోమ్‌లో వచ్చింది, 2024లో ఫైర్‌ఫాక్స్‌లో. అది మనిషి కంటికి కనబడే అక్షరాలుగా విడగొట్టాలి. మొదట్లో అదీ మన ఒత్తుల్ని విరిచేసి శ్రీలక్ష్మిని ఆరు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా చూడమన్నాయి. ఆ నియమాలు పాటిస్తే శ్రీలక్ష్మి మూడు. బాలశిక్ష చదివిన పిల్లవాడికి తెలిసిన సంగతి యంత్రానికి తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

అన్నీ చేర్చడమే గాని తీసెయ్యడం లేకపోతే ఇల్లు అటకలా తయారవదా అంటే, అవుతుంది, అయింది కూడా. తేదీల సంగతే మళ్లీ చూడండి. ‘టెంపొరల్’ అని పూర్తిగా కొత్త వ్యవస్థని కట్టారు. 2021లో అది దాదాపు ఖాయమైన దశకి చేరింది. 2025లో ఫైర్‌ఫాక్స్‌లో మొదటగా వాడుకలోకి వచ్చింది. అందులో జనవరి ఒకటో నెల. ఆ ఒక్క ముక్క కోసం ముప్ఫై ఏళ్లు! పాత వ్యవస్థ మాత్రం పక్కనే ఉంటుంది, జనవరిని సున్నా అంటూ. కొత్తగా నేర్చుకునేవాడు రెండూ నేర్చుకోవాలి. ఈ ధర తక్కువదని నేననను. కట్టేవాళ్లు ఎప్పుడూ చిన్నవాళ్లే అన్నది కూడా నిజం. అయినా ఇప్పుడు నేను రెండో పక్షంలో ఉన్నాను. మార్చింది వాదన కాదు, మేష్టారి పేజీ.

సమావేశం అయ్యాక ఆ పేజీని దిద్దే పని నాకు అప్పగించారు. గెట్ ఇయర్ తీసి గెట్ ఫుల్ ఇయర్ పెట్టడం, ముందున్న 19 చెరిపెయ్యడం, రెండు నిమిషాల పని. ఆ రాత్రి ప్రోగ్రాము తెరిచాను. తేదీ వరస పైన మేష్టారు తన కోసం రాసుకున్న వ్యాఖ్య ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఆర్‌టీఎస్ పద్ధతిలో: ‘99 తరవాత ఇది తప్పు చెబుతుంది. జనవరి లోపల మార్చాలి’. కింద తేదీ 1999 నవంబరు. దాని కింద ఇంకో వ్యాఖ్య, 2000 జనవరిది: ‘మార్చను. పిల్లలకి నచ్చింది’.

ఏమిటిదని ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయిని అడిగాను. ఇప్పుడు తనకి ఇద్దరు పిల్లలు. ఫోనులోనే నవ్వేసింది. “పదిహేడువేల నూరు!” అంది. కొత్త సంవత్సరం తరవాత మొదటి శనివారం పిల్లలు పేజీ తెరిచి, 19100 చూసి, గడియారం పిచ్చిదైపోయిందని గోల చేశారట. లెక్కల మేష్టారు కదా, వదులుతారా? ఎంత తీసేస్తే సరిపోతుందో చెప్పమన్నారు. 17100. మళ్లీ ఏడాది 19101 వచ్చింది. అప్పుడూ 17100 తీసేస్తే చాలు. ఎందుకు మారలేదో చెప్పినవాడికి ఆ రోజు చాక్లెట్టు.

పేజీలో కిందికి జరిపితే నేనెప్పుడూ గమనించని చిన్న పెట్టె ఉంది. ‘గడియారం తప్పు చెబుతోంది. అసలు సంవత్సరం ఎంత?’ అని పక్కన ప్రశ్న. దాని ప్రోగ్రాము చూశాను. తెర మీది అంకెలోంచి 17100 తీసేసి, పిల్లవాడు కొట్టినదానితో పోల్చుతుంది. రెండు సమాన చిహ్నాలతో! పిల్లవాడు కొట్టేది అక్షరాలు, లెక్కకట్టినది అంకె. మూడు చిహ్నాలుంటే ఎంత ఒప్పు చెప్పినా తప్పనేది. పైన ‘నెట్‌స్కేప్‌లోనే చూడండి’ అని హెచ్చరిక కూడా రాశారు. మైక్రోసాఫ్టు బ్రౌజరులో 192000 వచ్చి లెక్క చెడేది మరి.

సంఘం వాళ్లకి విషయం రాసి, పేజీని ఉన్నదున్నట్టు కొత్త సైటులోకి చేర్చాను. తరవాతి సమావేశంలో ఆ కుర్రవాడు ఫోను తీసి పేజీ తెరిచాడు. గడియారం పక్కన 19125. పెట్టెలో 2025 అని కొట్టాడు. ‘శభాష్’ అని తెలుగులో బొమ్మ వచ్చింది.